నాయన చెప్పని వణుకు

ఈ వారం ఉత్తరం చిత్తూరు పక్క పల్లె నుంచి వచ్చింది. పేరు, ఊరు వేయొద్దన్నారు, కాణిపాకం పోయే దారిలో అంటే చాలన్నారు. నాలుగు పేజీలు. ఒక్క రాత్రిలో కూర్చుని రాసినట్టుంది, చివరికొచ్చేసరికి అక్షరాలు వంకర పోయాయి. అందులో ఉన్నది ఇదీ.

ఆమెకు 36 ఏళ్లు. మెట్టినిల్లు, పుట్టినిల్లు ఒకే ఊళ్లో. నాయనకు 63. మూడెకరాల తోతాపురి తోట, రెండు పాడి ఆవులు. మాఘమాసంలో ఆయన కళ్లు పచ్చబడ్డాయి, మూత్రం ముదురు రంగుకు తిరిగింది, ఒళ్లంతా దురద. ఇరవై రోజులు పసరు మందు తాగారు. తగ్గకపోయేసరికి పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. క్లోమగ్రంథి (పాంక్రియాస్) తల భాగంలో కాన్సర్ గడ్డ ఉందనీ, అది పిత్తనాళాన్ని నొక్కేస్తోందనీ, పక్కనున్న రక్తనాళాన్ని చుట్టుకుంది కాబట్టి ఇప్పుడు ఆపరేషన్ కుదరదనీ చెప్పారు. నోట్లోంచి గొట్టం వేసి నాళంలో ప్లాస్టిక్ స్టెంటు పెట్టారు. పచ్చదనం దిగింది. కీమో మొదలైంది. ఆయనకు మాత్రం ఇంటిల్లిపాదీ కలిసి ఇంకోటి చెప్పారు: కామెర్లు ముదిరాయి, లోపల చిన్న గొట్టం వేశారు, బలానికి సెలైన్ ఎక్కిస్తున్నారు.

మూడో కీమో అయిన పదో రోజు రాత్రి 9 గంటలకు జ్వరం 101. డోలో వేస్తే దిగింది. తెల్లవారుజామున 5కి మంచం కదిలేంత వణుకు. ఊరి ఆర్‌ఎంపీ వచ్చి ఇంజెక్షన్ వేసి సెలైన్ పెట్టాడు. 11కి ఆయన కూతుర్నే గుర్తుపట్టలేదు. ఆసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నం 2. బీపీ పడిపోయింది. స్టెంటు మూసుకుపోయి నాళంలో చీము పట్టిందనీ, అక్కడి బ్యాక్టీరియా రక్తంలో కలిసిందనీ చెప్పి, ఆ రాత్రే స్టెంటు మార్చారు. మళ్లీ ప్లాస్టిక్‌దే. ఐసీయూలో తొమ్మిది రోజులు. ఇంటికి వచ్చి పన్నెండు రోజులయింది.

ఇప్పుడు ఇంట్లో తలో మాట. లోహపు స్టెంటు వేసి, కోలుకున్నాక కీమో మళ్లీ మొదలుపెడదామని డాక్టర్లు. ఇంక చాలు, ఆయన్ని హింసపెట్టొద్దని బెంగళూరులో ఉండే అన్న. అంతా కీమో చేసిన పనే అని వదిన. నువ్వు పెట్టిన చద్దన్నమే కొంప ముంచిందని మేనత్త అమ్మతో అంటే, అమ్మ ఆ రోజు నుంచి సరిగా తినడం లేదట. మనవళ్లను తాత దగ్గరికి పోనివ్వచ్చా అని ఒక అనుమానం. తిరుమలకు వచ్చి తలనీలాలు ఇస్తానని మొక్కుకున్న నాయన, ఎప్పుడు పోదామని రోజూ అడుగుతున్నారట.

మూడో పేజీలో, పెద్ద విషయం కాదన్నట్టు రాసిన రెండు మూడు వాక్యాలున్నాయి. ‘ఆ పొద్దు మధ్యాన్నం మూడుకే తోట కాడ నాయన వణికినాడంట. కావలుండే పిల్లోడు మేము ఆస్పత్రి నుంచి వచ్చినంక చెప్పినాడు. మండీ ఆయన కాయ బేరానికి వస్తా ఉండాడు, ఇంట్లో ఎవురికీ చెప్పొద్దు అన్నాడంట.’

ఆఖర్న: ‘అక్కా, రాత్రి నేను డోలో ఇచ్చి తెల్లారేదాకా ఆగినందుకే ఇట్లయిందా? మళ్లీ జరం వస్తే ఏం చెయ్యాల?’

చెల్లెమ్మా,

నేను డాక్టర్‌ని కాను. 26 ఏళ్లు కాన్సర్ వార్డుల్లో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఏ మందు వాడాలో, ఏది ఆపాలో చెప్పే అధికారం నాకు లేదు. కానీ మీరు గడిపిన ఆ రాత్రి లాంటి రాత్రులు వార్డులో ఇటువైపు నిలబడి చాలా చూశాను. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

మీ ఆఖరి ప్రశ్నకే ముందు జవాబు. ఆగడం వల్ల ఏమీ కాలేదని మీ మనసు కుదుటపడడానికి అబద్ధం చెప్పను. కీమో మీద ఉన్న మనిషికి, అందులోనూ పిత్తనాళంలో స్టెంటు ఉన్న మనిషికి జ్వరం వస్తే గంటలు లెక్కపెట్టుకోవాలి. తెల్లకణాలు తగ్గిన రోగికి జ్వరం వచ్చిందంటే, ఆసుపత్రి గడప తొక్కిన గంటలోపు మొదటి యాంటీబయాటిక్ డోసు నరంలోకి ఎక్కించాలని మేం పరుగులు పెట్టేవాళ్లం. డోలో జ్వరాన్ని దించుతుంది, రక్తంలో ఉన్న బ్యాక్టీరియాను ముట్టుకోదు. అందుకే ఆ రాత్రి థర్మామీటరు మీకు ధైర్యం చెప్పింది, లోపల జరిగేది జరుగుతూనే ఉంది.

కానీ ఈ మాట మీకు ఎవరు చెప్పారు? మీరు పంపిన డిశ్చార్జి కాగితాల నకళ్లు రెండుసార్లు చదివాను. మొదటిసారి ఇంటికి పంపినప్పుడు ఇచ్చిన కాగితంలో ‘జ్వరం వస్తే వెంటనే రండి’ అన్న ఒక్క లైను లేదు. స్టెంటు ఎన్నాళ్లు పనిచేస్తుందో లేదు. జ్వరమొస్తే డోలో వేయడం మన ఇళ్లలో ప్రతి కూతురూ చేసే పని, మీరూ అదే చేశారు. ఇంకో లెక్క చూడండి. జ్వరం మీకు తెలిసిన రాత్రి 9 నుంచి ఆసుపత్రి దాకా 17 గంటలు. నాయనకు మొదటి వణుకు వచ్చిన మధ్యాహ్నం 3 నుంచి లెక్కేస్తే 23. ఆ మొదటి ఆరు గంటలు మీ చేతుల్లో లేనే లేవు. ఆ ఆరు గంటల దగ్గరికి మళ్లీ వస్తాను. నా లెక్కలో మీ ఉత్తరం మొత్తం అక్కడే ఉంది.

ముందు అసలు ఏం జరిగిందో తెలియాలి. మీ తోటలో డ్రిప్ ఉందని రాశారు కదా, అది చాలు అర్థం కావడానికి. కాలేయం రోజూ అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారుచేసి, పిత్తనాళం అనే సన్నని దారి గుండా చిన్నపేగులోకి వదులుతుంది. ఆ నాళం పేగులో కలిసే చోట ఒక కండరపు కవాటం ఉంటుంది. రసాన్ని కిందికి పోనిస్తుంది, పేగులోని బ్యాక్టీరియాను పైకి ఎక్కనివ్వదు. గడ్డ నొక్కి నాళం మూసుకుపోయినప్పుడు స్టెంటు పెడతారు. అది పెట్టక తప్పదు, పెట్టకపోతే కామెర్లే ప్రాణం తీస్తాయి. కానీ స్టెంటు ఆ కవాటాన్ని దాటుకుని పేగులోకి దిగుతుంది. అంటే తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. పేగులో మామూలుగా ఉండే ఈ.కోలై, క్లెబ్సియెల్లా, ఎంటరోకాకస్ లాంటి బ్యాక్టీరియా గొట్టం పట్టుకుని పైకి పాకుతుంది. డ్రిప్ పైపు లోపల పాచి పట్టినట్టే స్టెంటు లోపల జిగట పొర కడుతుంది, దాని మీద మడ్డి పేరుకుంటుంది. ప్లాస్టిక్ స్టెంటు వెడల్పే సుమారు 3 మిల్లీమీటర్లు. మామూలుగా మూడు నెలల ప్రాంతంలో పూడుకుపోతుంది. మాఘం నుంచి లెక్కేసుకోండి, మీకు సరిగ్గా అదే జరిగింది.

పూడుకున్నాక రసం నిలిచిపోతుంది, నిలిచిన రసంలో బ్యాక్టీరియా పెరుగుతుంది, నాళంలో ఒత్తిడి ఎక్కువవుతుంది. కాలేయంలో పైత్యం పారే సన్నని దారులూ రక్తం పారే దారులూ పక్కపక్కనే ఉంటాయి. ఒత్తిడి పెరిగితే ఇటు నుంచి అటు నెట్టుకుపోతుంది. బ్యాక్టీరియా గుంపుగా రక్తంలో పడిన ఆ క్షణంలోనే మనిషి పళ్లు కటకటలాడేలా వణుకుతాడు. వణుకు ముందు, జ్వరం తర్వాత. మీ నాయన తోటలో వణికింది అదే.

ఇప్పుడు అమ్మ సంగతి. ఇది ఆమెకు చదివి వినిపించండి. ఆ బ్యాక్టీరియా చద్దన్నంలోంచి రాలేదు. అది ఆయన పేగులో ఆయనతోపాటు బతుకుతున్నదే. దారి మూసుకుపోయి తప్పుడు చోటికి చేరింది. మీ ఆసుపత్రి వాళ్లు స్టెంటు మూసుకుపోవడాన్ని కళ్లారా చూసి కారణం రాశారు, మేనత్తగారికి ఆ కాగితం చూపించండి. కీమో నడుస్తున్నప్పుడు నిల్వ అన్నం, కడగని పచ్చివి మానేసి వేడిగా వండినవి పెట్టడం మంచిదే. సంగటైనా అన్నమైనా అప్పటికప్పుడు చేసి పెట్టమనండి. అది ముందుజాగ్రత్త, జరిగినదానికి శిక్ష కాదు.

మనవళ్లను నిక్షేపంగా పోనివ్వండి. ఇది అంటుకునేది కాదు. వాళ్లకు జలుబో దగ్గో ఉన్న రోజుల్లో మాత్రం తాతకు దూరంగా ఉంచండి, అది తాత కోసం. కీమో అయిన తర్వాతి రెండు వారాలు ఆయన ఆవుల కొట్టంలో పేడ ఎత్తకుండా చూడండి.

మీ వదిన మాటలో సగం నిజం ఉంది. గొట్టాన్ని పూడ్చింది కీమో కాదు. కానీ కీమో తర్వాత 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా తగ్గుతాయి. కాపలాదారులు తక్కువున్న రోజుల్లో దొంగ పడ్డాడు, అందుకే దెబ్బ గట్టిగా తగిలింది. ఆయనకు జ్వరం వచ్చింది పదో రోజు.

మళ్లీ జ్వరం వస్తే? వస్తుందనే అనుకుని సిద్ధంగా ఉండండి. డిజిటల్ థర్మామీటరు కొని ఆయన మంచం దగ్గరే పెట్టండి. నోట్లో పెట్టి చూసినప్పుడు 100.4 ఫారెన్‌హీట్ దాటితే బయల్దేరడమే. చంకలో చూస్తే కొంచెం తక్కువే చూపిస్తుందని గుర్తుంచుకోండి. చూడకముందే డోలో వేయొద్దు. ఇంకొకటి, జ్వరం లేకపోయినా బయల్దేరాల్సిన సందర్భాలున్నాయి: వణుకు, కళ్లు మళ్లీ పచ్చబడడం, కుడి డొక్కలో నొప్పి, మూత్రం బాగా తగ్గడం, మాట తడబడడం, ఒళ్లు చల్లబడి చెమట పట్టడం. కీమోతోపాటు వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్ లాంటి మందులు జ్వరాన్ని పైకి కనపడనివ్వవు. పెద్ద వయసు వాళ్లలో జ్వరం బదులు మనిషి అయోమయంలో పడడంతో మొదలవడమూ ఉంది. 1877లో షార్కో అనే ఫ్రెంచి వైద్యుడు జ్వరం, కామెర్లు, కుడి డొక్కలో నొప్పి, ఈ మూడూ కలిస్తే పిత్తనాళంలో చీము అని రాశాడు. ఇప్పటికీ అదే గుర్తు. కానీ మూడూ కనపడేదాకా ఆగిన ఇళ్లు నేను చూశాను. మీరు ఆగొద్దు, ఒక్కటి చాలు.

ఎక్కడికి పోవాలన్నది మీ ఊరి నుంచి నిజంగానే చిక్కు ప్రశ్న. చిత్తూరు పావుగంట, ఇరవై నిమిషాలు. అక్కడి నుంచి వేలూరు సుమారు 40 కిలోమీటర్లు, తిరుపతి 70. స్టెంటు వేసిన చోటికే నేరుగా పోతే ఆయన కాగితాలన్నీ అక్కడే ఉంటాయి, గొట్టం మార్చగలిగిన వాళ్లూ ఉంటారు. కానీ దారిలో బీపీ పడితే కారులో మీరేం చేయలేరు. చిత్తూరులో ఆగితే రక్తం నమూనా, మొదటి డోసు, సెలైన్ గంటలోపే అందుతాయి. అక్కడ ఇంకో ప్రమాదముంది. ‘రేపు చూద్దాం, అడ్మిట్ చేయండి’ అంటారు, మందు పడి జ్వరం కాస్త దిగుతుంది, మీరు ఊపిరి పీల్చుకుంటారు, మూసుకున్న గొట్టం మూసుకునే ఉంటుంది. యాంటీబయాటిక్ ఎంత ఖరీదైనదైనా గొట్టం తెరవదు. నా మాట అడిగితే, వణుకుతో ఉన్నా, మాట తడబడినా, బీపీ తక్కువున్నా చిత్తూరులో ఆగండి. మొదటి డోసు పడగానే అంబులెన్సులో బయల్దేరతామని లోపలికి అడుగుపెట్టేటప్పుడే చెప్పండి. ఆయన తెలివిగా, నిలకడగా ఉంటే నేరుగా పొండి.

గొట్టం మార్చే పనిని ఈఆర్‌సీపీ అంటారు. అది కుదరకపోతే డొక్కలో చర్మం గుండా సూదితో డ్రెయిన్ పెట్టి సంచిలోకి తీస్తారు. ఈ రెంటిలో ఒకటైనా రాత్రిపూట, ఆదివారం చేస్తారా అని మీ ఆసుపత్రి వాళ్లను ఇప్పుడే, ఆయన బాగున్నప్పుడే అడిగి పెట్టుకోండి. ‘చేయం’ అంటే ఇంకో దారి చూసి ఉంచుకోవాలి. తిరుపతిలో స్విమ్స్ ఉంది, 2022లో టాటా ట్రస్టుల సాయంతో మొదలైన శ్రీవేంకటేశ్వర కాన్సర్ ఆసుపత్రి ఉంది. వేలూరులో సీఎంసీ ఉంది. ఎన్టీఆర్ వైద్య సేవ, అదే మనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అంటున్నది, ఏ ఆసుపత్రిలో దేనికి వర్తిస్తుందో కౌంటర్లో అడిగి రాసుకోండి. రాష్ట్రం దాటితే వర్తిస్తుందో లేదో తప్పకుండా అడగండి. అర్ధరాత్రి క్యాజువాలిటీలో నిలబడి అడిగే ప్రశ్న కాదది.

ఒక కాగితం తయారుచేయండి. కాన్సర్ పేరు, స్టెంటు ఏ రకం, ఏ తేదీన వేశారు, ఆఖరి కీమో తేదీ, పడని మందులు. దానికి ఐసీయూలో చేసిన బ్లడ్ కల్చర్ రిపోర్టు జత చేయండి. మీరు పంపిన నకళ్లలో అది లేదు. అడిగి తీసుకోండి, అది మీ హక్కు. ఏ బ్యాక్టీరియా వచ్చింది, దానికి ఏ మందు పనిచేసింది, ఏది పనిచేయలేదు అన్నీ అందులో ఉంటాయి. మన దేశంలో ఈ.కోలై, క్లెబ్సియెల్లా చాలా మందులకు లొంగడం మానేశాయి. మామూలుగా వేసే ఇంజెక్షన్లు చాలాసార్లు పనిచేయవు. కొత్తగా కల్చర్ చేస్తే ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది. పాత రిపోర్టు చేతిలో ఉంటే ఆ రాత్రి డ్యూటీ డాక్టరు గుడ్డిగా మందు ఎంచుకోవాల్సిన పని ఉండదు.

ఆర్‌ఎంపీ మీద మీకు కోపం ఉంది. ఉత్తరంలో ఆ మాట దగ్గర పెన్ను కాగితాన్ని చించింది. అయినా ఆయనతో తెగతెంపులు చేసుకోవద్దు. రాత్రి రెండింటికి మీ ఇంటికి వచ్చే మనిషి ఆయనొక్కడే. కాగితం ఒక నకలు ఆయనకివ్వండి. ‘అన్నా, నాయనకు జరమొస్తే సూది వేయొద్దు, బీపీ చూసి బండెక్కించు’ అని చెప్పండి. ఒక్క ఇంజెక్షన్‌తో సగం సగం చంపితే కల్చర్‌లో బ్యాక్టీరియా దొరక్కపోవచ్చు, మిగిలింది ఇంకా మొండికెత్తుతుంది. ఇది చెప్తే ఆయనా అర్థం చేసుకుంటాడు. మీకు ఒక్కరోజు ముందు తెలియనిదే ఆయనకూ తెలియలేదు.

ఇప్పుడు ఆ ఆరు గంటలు.

పైన రాసినదంతా మీరు పొల్లుపోకుండా చేశారనుకోండి. థర్మామీటరు ఉంది, కాగితం ఉంది, బండి ఉంది. మొదటి వణుకు మాత్రం వచ్చేది నాయన ఒంట్లో. మీరు పక్కన ఉండరు. ఆయన తోటలో ఉంటాడు. ఆయన లెక్కలో ఆయనకున్నవి కామెర్లు, అవి తగ్గిపోయాయి కూడా. తగ్గిన రోగానికి వణుకు వస్తే ఏ రైతు అయినా ఏమనుకుంటాడు? ఎండ దెబ్బ అనుకుంటాడు, చలిజ్వరం అనుకుంటాడు. ఏడాది కష్టం బేరానికి వచ్చిన పూట చెట్టు కింద దుప్పటి కప్పుకుని పడుకుంటాడు, పిల్లాడి నోరు మూయిస్తాడు. ఆయన తన తెలివి మేరకు చేయాల్సిందే చేశాడు. ఆ తెలివికి మనమే గంతలు కట్టాం.

మీరు ప్రేమతోనే దాచారు. నేను తప్పు పట్టడం లేదు. మా నాన్న జబ్బు మేమూ దాచాం. ఆయన పోయాక ఆయన దిండు కింద మందుల చీటీ దొరికింది. పక్కింటి కుర్రాడి చేత చదివించుకున్నాడట, ఆరు నెలల ముందే. ఆ ఆరు నెలలూ మేం నవ్వుతూ ఆయన ముందు తిరిగాం, ఆయనా నవ్వాడు. ఇన్నేళ్లయినా అది నాకు మింగుడుపడలేదు. కాబట్టి ఈ విషయంలో నాకు పక్షపాతం ఉందని తెలిసే చదవండి.

మీ ముందు మూడు దారులున్నాయి. ఇప్పటిలాగే దాచి ఉంచడం ఒకటి. ఇంట్లో కన్నీళ్లుండవు, అన్న సంతోషిస్తాడు. కానీ వణుకు మళ్లీ దాగుతుంది, మీరు 24 గంటలూ కాపలా కాయాలి, పైగా మళ్లీ కీమోకు వెళ్తే వార్డులో పక్క మంచం వాళ్లే చెప్పేస్తారు. రెండోది, కాన్సర్ అన్న మాట ఎత్తకుండా గొట్టం సంగతి మొత్తం చెప్పడం. ‘నాయనా, లోపల డ్రిప్ పైపు లాంటిది ఉంది. పాచి పడితే మూసుకుంటుంది. మూసుకుంటే ముందు వణుకు వస్తాది. వణుకు వచ్చిన గంటలో ఆస్పత్రిలో ఉండాల, లేకుంటే మళ్లీ ఐసీయూనే.’ ఇందులో ఒక్క అబద్ధం లేదు, ప్రాణం కాపాడే మాట మొత్తం ఉంది. మూడోది, ఎంత తెలుసుకోవాలనుందో ఆయన్నే అడగడం. ‘నాయనా, నీ జబ్బు గురించి నేను మాట్లాడాలా, అన్నతో మాట్లాడమని వదిలేస్తావా?’ కొందరు ‘మీరే చూసుకోండమ్మా’ అంటారు, అదీ ఆయన నిర్ణయమే. కొందరు ఆ ఒక్క ప్రశ్న కోసమే ఎదురుచూస్తూ ఉంటారు. నిజం విని కుంగిపోయే రోజులుంటాయి, తప్పదు. తిండి మానేసిన వాళ్లను చూశాను. వారం, పది రోజులకు లేచి కూర్చుని పొలం కాగితాలు తీయమన్న వాళ్లను అంతకంటే ఎక్కువమందిని చూశాను.

ఏది ఎంచుకున్నా రెండోది మాత్రం ఈ వారంలోనే చేయండని నా కోరిక. మూడోదానికి తొందర లేదు, కానీ మీ అన్నాచెల్లెళ్ల గొడవ తీరాలంటే అది కూడా కావాలి. ఎందుకంటే లోహపు స్టెంటు, కీమో, ఆపేయడం అని మీరంతా తగువు పడుతున్నది ఆయన ఒంటి గురించి. ఆ తగువులో ఆయన మాట ఒక్కటే లేదు.

అన్నకు ఒక విషయం విడమరచి చెప్పండి. గొట్టం వేరు, కీమో వేరు. కీమో వద్దనుకున్నా గొట్టం కావాలి. లోహపు స్టెంటు లోపల విచ్చుకుని 8 నుంచి 10 మిల్లీమీటర్ల దారి ఇస్తుంది, అందుకే ప్లాస్టిక్ కంటే చాలా ఎక్కువ కాలం పారుతుంది. గడ్డ లోపలికి పెరిగో, మడ్డి పట్టో అదీ ఒకనాటికి మూసుకోవచ్చు, కానీ మూడు నెలలకోసారి ఈ భయం ఉండదు. ఖరీదు ఎక్కువ, అది ముందే కనుక్కోండి. అది వేసి, ఇన్‌ఫెక్షన్ పూర్తిగా పోయి, రక్తంలో కామెర్ల లెక్క చెప్పే బిలిరుబిన్ దిగాక కీమో మొదలుపెడితే గడ్డను కొన్నాళ్లు అదుపులో ఉంచే అవకాశం ఉంటుంది. ఆసుపత్రి చుట్టూ తిరగడం, తెల్లకణాలు తగ్గే రోజుల భయం ఉండనే ఉంటాయి. మందు మోతాదు తగ్గించి ఇవ్వగలరా అని డాక్టర్‌ను అడగొచ్చు. స్టెంటు మాత్రం వేసుకుని కీమో మానేస్తే గడ్డ పెరుగుతుంది. దురద, కామెర్లు, వణుకు లేకుండా తోటలో తిరిగే రోజులు కొన్ని దక్కుతాయి. నడుము దాకా పాకే నొప్పికి మార్ఫిన్ మాత్రలున్నాయి, నరాల దగ్గర వేసే ఇంజెక్షన్ ఉంది, నొప్పి, బాధ తగ్గించడమే పనిగా ఉండే పాలియేటివ్ కేర్ వాళ్లు చూసుకుంటారు. మూడోది, ఏమీ చేయకుండా ఇప్పుడున్న ప్లాస్టిక్‌తోనే వదిలేయడం. మీ అన్న దీన్నే ‘హింస పెట్టకుండా ఉండడం’ అనుకుంటున్నాడేమో. కానీ మూడు నెలల ప్రాంతంలో అదే వణుకు, అదే రాత్రి తిరిగొస్తాయి. అది హాయిగా పోవడం కాదని ఐసీయూ బయట కూర్చున్న మీకు తెలుసు, బెంగళూరులో ఉన్న అతనికి తెలియదు. ఫోన్‌లో వాదించకుండా ఒక్కసారి డాక్టర్ ముందు కూర్చోబెట్టండి.

తిరుమల మొక్కు తీర్చండి. డాక్టర్ సరేనంటే, లోహపు స్టెంటు వేశాక, కీమో మళ్లీ మొదలయ్యేలోపు రక్తపరీక్షలో కణాలు బాగున్న వారం చూసుకుని పొండి. మెట్లదారి వద్దు, బస్సులోనో కారులోనో ఎక్కండి. కొండపైన అశ్విని ఆసుపత్రి ఉంది, కింద తిరుపతి ఉంది, కాగితం జేబులో ఉంటుంది. గుండు విషయంలో మాత్రం, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు కత్తి గాటు చిన్నదైనా మంచిది కాదు. పరీక్ష బాగుంటే సరే, లేకపోతే ఈసారికి మూడు కత్తెర్లు ఇచ్చి, గుండు తర్వాత అని స్వామికి చెప్పుకోమనండి. దానికి ఆయన ఒప్పుకుంటారో లేదో మీకే తెలుసు.

రేపు పొద్దున ఆసుపత్రికి ఫోన్ చేసి మూడు అడగండి: కల్చర్ రిపోర్టు, ఇప్పుడున్న స్టెంటు ఎప్పటిలోపు మార్చాలన్న తేదీ, రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలన్నది. సాయంత్రం నాయనతో తోటకు పొండి. డ్రిప్ పైపు ఒకటి విప్పి చూపిస్తూ గొట్టం సంగతి చెప్పండి. కావలి ఉండే ఆ పిల్లాడు కూడా పక్కనే ఉండాలి. తాత వణికినా, తాత వద్దన్నా, వెంటనే ఫోన్ చెయ్యి అని నాయన ముందరే వాడికి చెప్పి, మీ నంబరు వాడి ఫోన్లో మీరే ఎక్కించండి.